సముద్రంలోకి దారి చూపిన డబ్బా

హరిశ్చంద్రపురం స్టేషన్‌కి ఆరూ ముప్పావుకి రావలసిన పాసింజరు ఏడుంబావుకి వచ్చింది. పలాసకి టికెట్టు తీసుకుని కిటికీ పక్కన కూర్చున్నాను. యాభై రెండేళ్ళ వయసులో డ్రైవింగ్ నేర్చుకుని, పలాసలో పాత కారు ఒకటి బేరమాడి, దాన్ని నేనే తోలుకుని తెచ్చుకుందామని బయలుదేరిన ప్రయాణమిది. మా ఆయన తోడొస్తానన్నారు. వద్దన్నాను. పక్కన కూర్చుని "బ్రేకు, బ్రేకు" అని అరిచే మనిషితో నేను పడలేను.

ఎదుటి సీట్లో ఇచ్ఛాపురం వెళ్తున్న ఒకావిడ సంగతి విని నన్ను ఎగాదిగా చూసింది. "ఒక్కదానివే తోలీసుకుంతావేటి? దారి తెల్సా?"

"నాకు తెలీదు. కారుతో పాటు దారి చెప్పే మిషను ఒకటి ఇస్తున్నారు," అన్నాను.

ముప్పై ఏళ్ళుగా పిల్లలకి లెక్కలు చెబుతున్నాను గానీ, ఎండ లేకపోతే తూర్పేదో పడమరేదో నాకు తెలియదు. ఆ మిషను కోసమే ఆ కారు కొన్నానంటే మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు.

ఎనిమిదింబావుకి పలాసలో దిగాను. అప్పటికే జీడిపప్పు కార్ఖానాల నుంచి కమురు వాసన వస్తోంది. కాశీబుగ్గలో ఇడ్లీ తిని, పాత కార్లు అమ్మే షెడ్డుకి వెళ్ళాను. అక్కడి కుర్రాడు తాళం ఇచ్చి, డాష్‌బోర్డు అరలోంచి అరచేతంత డబ్బా తీశాడు. అదే నావిగేటరు. "బ్యాటరీ పోనాది మేడమ్, వైరు పెడితేనే పన్జేత్తాది. పాతోళ్ళు పెట్టుకున్న ఊర్లన్నీ సెరిపీసి వాడుకోండి," అన్నాడు.

ఇలాంటిది వాడదలచుకున్నవాళ్ళకి నాలుగు ముక్కలు. వెనకున్న రబ్బరు గిన్నెని తడిగుడ్డతో తుడిచి అద్దానికి నొక్కాలి, లేకపోతే ఊడి ఒళ్ళో పడుతుంది. సిగరెట్ వెలిగించుకునే రంధ్రంలో ప్లగ్గు పెట్టాలి. ఆకాశం కనబడేచోట అయిదు నిమిషాలు ఆగాలి. ఫోను సిగ్నల్ అక్కర్లేదు, తోటల్లో కూడా దారి చెబుతుంది. మధ్యాహ్నం భోజనానికి సంతబొమ్మాళిలో స్నేహితురాలి ఇంటికి వెళ్ళాలి. ఆ ఊరి పేరు నొక్కాననే అనుకున్నాను.

తొమ్మిదిన్నరకి బయలుదేరాను. "ఎడమవైపు తిరగండి" అంది డబ్బా. తిరిగాను. హైవే రాలేదు. జీడితోటలు వచ్చాయి, తర్వాత కొబ్బరి. రోడ్డు సన్నబడింది. మంచు ఇంకా విడవలేదు. ఒక్క మనిషి ఎదురు రాలేదు, ఒక్క కుక్క మొరగలేదు. రెండుసార్లు వెనక్కి తిప్పుదామని ఆగాను. ఆగినప్పుడల్లా "ముందుకు సాగండి" అంటుంది, తొందరపెడుతున్నట్టు. చచ్చినట్టు సాగాను.

పదింబావుకి సరుగుడు తోట దాటగానే రోడ్డు అయిపోయింది. ఎదురుగా ఇసుక, ఇసుక మీద బోర్లించిన పడవలు, అవతల సముద్రం. ఇంజను ఆపి తాళం వెనక్కి తిప్పినా డబ్బా మాత్రం వెలుగుతూనే ఉంది. "నేరుగా వెళ్ళండి," అంది. తెర అంతా నీలం. ఆ నీలం మధ్యలో చిన్న జెండా, దాని పక్కన "అన్న" అని పేరు. దూరం తొమ్మిది పాయింట్ ఒకటి కిలోమీటర్లు.

నేను నొక్కింది సంతబొమ్మాళి కాదు, పాతవాళ్ళు దాచుకున్న చోటు. ఇంత నడిసంద్రంలో ఎవరికి పనుంటుంది? "నేరుగా వెళ్ళండి," మళ్ళీ అంది. ఓసి నీ దుంప తెగ, అనుకుని ఆ పేరు మీద వేలు పెట్టి తొలగించమన్నాను. "నిజంగా తొలగించాలా?" అని అడిగింది. "అవును" మీదికి వేలు వెళ్తుండగా పక్క అద్దం మీద దబదబమని చప్పుడైంది.

డెబ్బై దాటిన ముసలావిడ. నన్ను చూడటం లేదు, కారునే చూస్తోంది. బానెట్ మీద చెయ్యేసి నిమిరి, "వొచ్చీసినావా నాయినా! నువ్వే వొచ్చీసినావా!" అంది.

వెనకే ఒక ముప్పై అయిదేళ్ళతను పరిగెత్తుకొచ్చాడు. పేరు ధర్మారావు, ముసలావిడ కొడుకు. ఈ కారు అతనిదే, నాలుగు నెలల కిందట అమ్మేశాడు. అద్దానికి ఉన్న డబ్బాని చూడగానే ఇసుకలో చతికిలపడ్డాడు.

"మేడమ్‌గారూ, దాన్లోవి సెరిపీసినారా?"

"లేదు బాబూ. ఇప్పుడే చెరపబోతున్నాను," అన్నాను. "వద్దు" నొక్కాను.

అప్పుడు చెప్పాడు. అతని అన్న కామయ్య వేటకెళ్ళి తిరిగి రాలేదు. పడవ మాత్రం బోర్లాపడి కనబడింది. ఊళ్ళో వాళ్ళంతా వలలు వేసే చోట్లని మిషన్లో గుర్తు పెట్టుకుంటారు గానీ, వాళ్ళ మిషను కూడా అన్నతోనే పోయింది. అందుకని ధర్మారావు ఈ కారు డబ్బానే బైకు బ్యాటరీకి కట్టి పడవలో తీసుకెళ్ళి, ఆ చోటుని గుర్తు పెట్టుకున్నాడు. అక్షాంశ రేఖాంశాల అంకెలు కాగితం మీద రాసుకోలేదు. కారు అమ్మేనాడు డబ్బా అరలో ఉండిపోయింది. షెడ్డుకి రెండుసార్లు వెళ్తే, అలాంటిదేదీ లేదని పంపేశారట.

"ఈ రోజుకి ఏడాది. శవం దొరకనోడికి పడవ దొరికినకాడే పాలు పొయ్యాల. ఇంకోకాడ పోత్తే ఇంకోరికి సెందుతాది," అన్నాడు.

ముసలావిడ పోలమ్మ సముద్రం వైపు చూస్తూ, "అందల సానామందున్నారు తల్లీ," అంది, పక్క వీధి సంగతి చెప్పినట్టు.

డబ్బా ఊడదీసి అతని చేతిలో పెట్టాను. దాన్ని మళ్ళీ బైకు బ్యాటరీకి కట్టి, పదకొండింటికి నలుగురు పడవ దించారు. పాలచెంబు, కొబ్బరికాయ, కామయ్యకి ఆకులో కట్టిన అన్నం. సంతబొమ్మాళికి ఫోన్ చేసి రాలేనన్నాను. పోలమ్మ పక్కన ఇసుకలో కూర్చున్నాను. వాళ్ళింటి నుంచి ఎవరో టీ తెచ్చారు. ఆవిడ మూడు గంటల్లో ఒకే మాట అడిగింది. "మా వోడు ఎంత దూరంలో ఉన్నాడు?" తొమ్మిది అని చెప్పాలంటే నోరు రాలేదు. తెలియదన్నాను.

రెండు దాటాక పడవ వచ్చింది. దిగీ దిగగానే ఆవిడ అదే అడిగింది.

"అయిదే అమ్మా," అన్నాడు ధర్మారావు. "దగ్గరికి వొచ్చీసినాడు."

కారు దగ్గరికి వచ్చాక గొంతు తగ్గించాడు. "అబద్దమే మేడమ్. తొమ్మిదే, అప్పుడూ అంతే. అంగుళం కదల్లేదు. మీరూ అలగే సెప్పండి." డబ్బా మళ్ళీ పోయినా ఫరవాలేకుండా ఆ చోటు అంకెలు పుస్తకంలో రాసిపెట్టమన్నాడు. ప్లగ్గు పెట్టి అద్దానికి అంటించాను. కారు పొద్దున్న నిలిపినచోటే ఉంది, తాళం నా దగ్గరే ఉంది. తెర వెలిగింది.

ఎనిమిది పాయింట్ ఆరు.

కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. ఇలాంటి మిషను నాలుగు మీటర్లు తప్పుతుందేమో, అరకిలోమీటరు తప్పదు. "గుర్తుని ఏమైనా మార్చావా బాబూ?" అని అడిగాను. "నాను ముట్టుకోనేదు మేడమ్," అన్నాడు. అంకెలు రాసిచ్చాను. డబ్బా వాళ్ళకే ఉంచేశాను. దానితో ఇంటికి వెళ్ళే ధైర్యం నాకు లేదు.

బండి తీస్తుంటే పోలమ్మ కిటికీ దగ్గరికొచ్చి నా చెయ్యి పట్టుకుంది. "సదూకున్నదానివి. నిజం సెప్పు తల్లీ. దగ్గరికొత్తన్నాడా?"

"వస్తున్నాడమ్మా," అన్నాను.

ఆవిడ వెనక నిలబడ్డ ధర్మారావు కళ్ళనీళ్ళతో నాకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

మూడుంబావుకి బయలుదేరి, ప్రతి మలుపు దగ్గరా మనుషుల్ని అడుగుతూ, రెండుసార్లు దారి తప్పి, చీకటి పడకముందే టెక్కలి మీదుగా ఇల్లు చేరాను. ఆ తీరానికి వెళ్ళాలనుకునేవాళ్ళు పొద్దున్న ఎండెక్కాక వెళ్ళండి. సరుగుడు తోటా, ఇసుకా బాగుంటాయి. ఊరి పేరు మాత్రం నేను రాయను. తల్లి కోసం నేను అబద్ధమాడానని ధర్మారావు ఇప్పటికీ అనుకుంటున్నాడు. కాదని చెప్పడానికి రెండుసార్లు ఫోన్ తీశాను గానీ, చెప్పలేకపోయాను.