పంక్చర్ షాపు గాలితో బోరు నీళ్లు కడిగిన వైనం

బాగుచేస్తానని పూనుకుని నీళ్లను మరింత పాడుచేసిన మహానుభావుణ్ణి మీరు చూసి ఉండరు. ఇప్పుడు చూడండి, నేనే. రోజూ పూసగుచ్చినట్టు డైరీ రాసే నేను, ఆ రోజు మాత్రం "ఎండ ఎక్కువ" అని రాసి పడుకున్నాను.

అప్పట్లో భూగర్భజలాల శాఖలో కుర్ర ఉద్యోగిగా ఉండేవాణ్ణి. సోమందేపల్లె దగ్గర, హైవే పక్కన, రామక్క అనే రైతు బోరులో పెట్రోలు వాసన మొదలైంది. ఎదురు బంకులో భూమిలోని ట్యాంకు కారుతోందని అందరి అనుమానం. "నీళ్లు బాగుచేసే పద్ధతేదో తేల్చండి సార్, ఖర్చు నాది" అన్నాడు బంకు ఓనరు నాగిరెడ్డి. అవతల రామక్క మల్బరీ తోట వాడిపోతోంది. ఆకు లేకపోతే ఇంట్లో పట్టుపురుగులు దక్కవు.

మూడు డ్రమ్ముల్లో బోరు నీళ్లు నింపాను. ఒకటి ఉన్నదున్నట్టు వదిలేశాను. ఒకదానిలో బొగ్గు వేశాను. మూడోదానిలోకి గాలి బుడగలు పంపాలి, పెట్రోలు ఆ గాలితో లేచిపోతుంది. గాలి కోసం పక్క పంక్చర్ షాపు కంప్రెసర్ నుంచి పైపు లాగి, పెళ్లికొడుకు తండ్రిలా డ్రమ్ముల చుట్టూ తిరిగాను.

మధ్యాహ్నానికి బొగ్గు డ్రమ్ములో వాసన అంతంతమాత్రంగానే తగ్గింది. మూడో డ్రమ్ము మీద మాత్రం నల్లటి నూనె తెట్టు, దోసె పెనంలా మెరుస్తోంది.

"ఏం సార్, ఇవి నీళ్లా, చారా?" అంది రామక్క.

"అదేనమ్మా విశేషం! లోపల దాక్కున్న నూనెనంతా గాలి పైకి లాగింది" అన్నాను. తెలియని సంగతి చెప్పేటప్పుడు గొంతు ఎంత బాగా పలుకుతుందో!

నాగిరెడ్డి నవ్వినాడు. "నా బంకులో ఉండేది పెట్రోలప్పా. ఈ నల్లనూనె యాడిది?"

"అనుమానమైతే మీరు తాగే నీళ్లు తెప్పించండి. మంచినీళ్లలో తెట్టు రానే రాదు!"

బిందె వచ్చింది. పైపు ముంచాను. బుడబుడమంది. కాసేపటికి మంచినీళ్ల మీదా అదే తెట్టు.

"సూడండప్పా! నూనె నా బంకుది కాదు, ఈ సారే తెస్తాండాడు! ఇంక నేను ఒక్క పైసా ఇయ్యను."

రామక్క ముఖం వాడిపోయింది. "నా పురుగులకు ఏం పెట్టల్ల సార్? నీ తెట్టా?"

పైపు కొసను నా తెల్లచొక్కా వైపు తిప్పుకున్నాను. చొక్కా నిండా నల్లచుక్కలు! కంప్రెసర్‌లో పోసే ఆయిలు గాలితోపాటు వస్తోంది. తప్పు గాలిది కాదు, గాలి తెచ్చిన నాది.

గాలికి ఈ మెరక నేల మీద కరువా? నీళ్లే గాలిలోంచి దూకితే సరి. స్టూలెక్కి, రెండు బిందెలు తీసుకుని, బోరు నీళ్లను పైనుంచి కిందికి ఎత్తి పోయడం మొదలుపెట్టాను.

"కాఫీ హోటలు పెట్టుకో సార్, బాగుపడతావు!" అంది రామక్క.

పొద్దు వాలేసరికి నా చేతులు నావి కాకుండా పోయాయి. నాగిరెడ్డిని పిలిచి, ముందు ముట్టుకోని డ్రమ్ము వాసన చూపించాను. ముక్కు మూసుకున్నాడు. తర్వాత ఎత్తి పోసిన నీళ్లు చూపించాను, వాసన లేదు. రెండుసార్లు వాసన చూసి, తన బంకు వైపు ఒకసారి చూసి, నిట్టూర్చినాడు.

"ఆ వాసన నాదేలేప్పా. ఖర్చు నేనే పెట్టుకుంటా."

నీళ్లు మెట్టు మెట్టుకూ దూకేలా సిమెంటు తొట్లు కట్టించాడు. ల్యాబు పరీక్షా సరేనంది, తోట దక్కింది.

ఆ చుక్కల చొక్కా మీద చెయ్యేసి ప్రమాణం చేశాను: కంప్రెసర్ గాలిని ఈ జన్మలో నీళ్లకు పట్టను. ఈనాటికీ సైకిలుకు గాలి పట్టించేముందు చేతిరుమాలు మీద ఊదించి చూసుకుంటాను. ఊళ్లో పంక్చర్ షాపువాళ్లు నన్ను చూడగానే కరెంటు లేదంటారు.