చెక్క విమానం, మా మావయ్యగారు

మా మావయ్యగారు పోయారు. పోయిన నెల, ఒక మంగళవారం పొద్దున్న, న్యూజిలాండ్‌లో, పాపకూర అనే ఊళ్లో, మా ఇంట్లోనే. కాఫీ తాగి, కప్పు కడిగి బోర్లించి, కుర్చీలో కూర్చుని అలాగే వెళ్లిపోయారు. పలకరించడానికి వచ్చినవాళ్లంతా "అనాయాస మరణం, పుణ్యాత్ముడు" అన్నారు. అనాయాసం ఆయనకి. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతూనే ఉంది. పోయిన మనిషి మీద కోపమేమిటని అడగకండి. ఆయనతో ఏళ్ల తరబడి ఒకే కప్పు కింద బతికిన కోడల్ని నేను.

ఆయన భారత వైమానిక దళంలో ఫిట్టరు. కుర్రతనంలో మొదట చెయ్యి వేసిన విమానం వాంపైర్ అనే బ్రిటిష్ జెట్టు. తరవాత ఎన్ని విమానాలు బాగుచేసినా మనసు మాత్రం దాని దగ్గరే ఉండిపోయింది. అత్తయ్యగారు పోయాక మా దగ్గరికి వచ్చారు. వచ్చీ రాగానే గరాజ్ ఆయనదైంది, మా కారు వానపాలైంది. అందులో కూర్చుని చిన్న చిన్న ప్లాస్టిక్ ముక్కలు అతికించి పాత బ్రిటిష్ యుద్ధవిమానాల మోడళ్లు చేసేవారు. వాటిని బొమ్మలు అంటే ఊరుకునేవారు కాదు. నా ఇడ్లీ పళ్లెం గుంటల్లో రంగులు కలిపేవారు. "ఇదెందుకు తీశారండీ?" అని అరిస్తే, "గుంటలన్నీ ఒక్క లోతున ఉన్నాయమ్మాయ్. ఎవడు చేశాడోగానీ మంచి పనివాడు" అని మెచ్చుకునేవారు. వేసిన వెండిరంగు ఎండలో చూసి, పెదవి విరిచి, మొత్తం గీకేసి మళ్లీ మొదలుపెట్టేవారు. బాగానే ఉంది కదా అంటే "దూరానికి బాగానే ఉంది" అనేవారు. ఒకసారి నా పప్పుచారుని కూడా అలాగే మెచ్చుకున్నారు.

అసలు బాధ కార్పెట్‌తో. ఆవగింజంత ముక్క పట్టకారులోంచి ఎగిరి ఎక్కడో పడేది. ఇక ఇంట్లో ఎవరూ కదలకూడదు. మా అమ్మాయి స్కూల్ బ్యాగు భుజాన వేసుకుని గుమ్మంలో ఆగిపోయేది. మా ఆయన ఆఫీసు బట్టలతో మోకాళ్ల మీద పాకేవారు. నేను వాక్యూమ్ గొట్టానికి పాత మేజోడు తొడిగి, రబ్బరు బ్యాండు వేసి, ముక్క లోపలికి పోకుండా కార్పెట్ అంతా జల్లెడ పట్టాలి. "తాతయ్యా, జస్ట్ ఒక చిన్న పీస్ కదా, ఇంకోటి చేసుకోవచ్చుగా!" అని మా అమ్మాయి ఏడుపుమొహం పెట్టేది. "చిన్నదేనమ్మా. కానీ పోయినదాన్ని పోయిందని వదిలేస్తే, అది ఎక్కడుందో మనకి తెలియదు కదా" అనేవారు. ఆ పిల్ల బ్యాగు గుమ్మంలోనే దించి తనూ పాకేది.

మా ఊరికి దగ్గరలో ఒక హ్యాంగర్, అదే విమానాల షెడ్డు, ఉంది. రిటైరైన కివీ పెద్దవాళ్లు కొందరు శనివారాలు అక్కడ చేరి, పాడుబడిన వాంపైర్‌ని బాగుచేస్తున్నారు. ఈ దేశపు వైమానిక దళం కూడా ఒకప్పుడు వాటినే నడిపిందట. ఆ సంగతి తెలిసిన రోజు మావయ్యగారు అన్నం కూడా సరిగా తినలేదు. ఆ జెట్టు ముందు భాగం చెక్కతో చేసిందంటే నేను నమ్మలేదు. తీసుకెళ్లి చూపించారు. నిజంగా చెక్కే, పల్చటి పొరలు ఒకదానిమీద ఒకటి అతికించింది. చెమ్మకి ఉబ్బిపోయిన పొరల్ని ఆయన చంటిబిడ్డని ముట్టుకున్నట్టు ముట్టుకున్నారు. నన్ను అంత జాగ్రత్తగా కాఫీ గ్లాసు కూడా అడగలేదు ఏనాడూ.

అప్పట్నుంచి శనివారం వస్తే నేను పులిహోర కలపాలి, అదీ పల్లీలు లేకుండా. పల్లీ కిందపడి విమానంలోకి దొర్లుతుందట! పల్లీల్లేని పులిహోర పులిహోరేనా చెప్పండి? పాపం ఆ కివీ పెద్దమనుషులకి అదే అసలు పులిహోర అనుకునే ఖర్మ పట్టింది.

అన్నిటికీ ఆయన చెప్పే కారణం ఒకటే, చచ్చేలోగా ఆ ఇంజిన్ మోత ఇంకొక్కసారి వినాలి. "మొదట సన్నగా కూస్తుందమ్మాయ్, పిల్లి కూన అరిచినట్టు. తరవాత ఆ కూత లావవుతుంది. ఆ తరవాత గుండెలో మోగుతుంది" అని మా అందరికీ చెప్పేవారు, చెప్పిందే చెప్పేవారు. వయసు మీద పడింది, గుండె బలహీనం, అడిగినవి రెండే: ఉప్పు లేని కూరలు, ఈ మోత.

ఆ రోజు రానే వచ్చింది. విమానం ఎగరదు, ఉన్నచోటనే నిలబెట్టి ఇంజిన్ మోగిస్తారు. మేమందరం వెళ్లాం. మావయ్యగారు కాక్‌పిట్‌లో ఏదో బిగించి దిగారు. దిగి, అరచెయ్యి చూసుకుని, అక్కడి పనంతా చూసుకునే హ్యాంగర్ పెద్దాయన దగ్గరికి నడిచి, "నా చేతిలోంచి ఒక నట్టు జారింది. దొరకలేదు. ఇంజిన్ స్టార్ట్ చెయ్యకండి" అన్నారు. ఎవరూ చూడలేదు, ఎవరూ అడగలేదు. ఆయనంతట ఆయనే చెప్పారు!

హ్యాంగర్ పెద్దాయన భుజం తట్టి, "ఒక్క నట్టే కదా మేట్, ఏం కాదులే" అన్నాడు. నేను మావయ్యగారిని పక్కకి లాగాను. "అది ఎగరదు కదా మావయ్యగారూ! ఉన్నచోట ఉండి చప్పుడు చేస్తుంది, అంతేగా?" అన్నాను. "తను ఎగరడంలేదని ఇంజిన్‌కి తెలుసా అమ్మాయ్? గాలితో పాటు నట్టునీ లాగేసుకుని, పగిలి ముక్కలు చిమ్ముతుంది. ఎదురుగా మన పిల్ల నిలబడింది" అన్నారు. వెళ్లి పిల్లని దూరంగా తీసుకొచ్చాను. ఆ రోజు ఇంజిన్ మోగలేదు. మావయ్యగారు జేబులు తిరగేశారు, బూట్లు విప్పి దులిపారు. తరవాతి శనివారాలన్నీ కాక్‌పిట్ అడుగు పలకలు విప్పడమే పని. నట్టు దొరకలేదు. దొరికేదాకా ఆగుదామని ఆయన పట్టు. ఆ పట్టులోనే మంగళవారం కాఫీ తాగి వెళ్లిపోయారు.

కార్యక్రమాలన్నీ అయ్యాక ఆయన బట్టలు, పాతవి తీసుకుని అమ్మే ఆప్ షాప్‌కి ఇద్దామని సర్దుతున్నాను. హ్యాంగర్‌కి వేసుకెళ్లే ప్యాంటు ఆయనకి పొడుగు. కురచ చేయించుకోండి మహానుభావా అని మొత్తుకున్నా వినక, అంచు పైకి మడిచి తానే నాలుగు కుట్లు వేసుకున్నారు. ఆ కుట్లు విప్పాను. మడతలోంచి నట్టు టక్కుమని గచ్చు మీద పడింది.

ఎంత ఏడ్చానో, ఎంత తిట్టానో! "మా ఇల్లంతా పాకించారు కదండీ, మీ కాళ్ల దగ్గర మాత్రం చూసుకోలేదా?" అని ఖాళీ గరాజ్‌లో నిలబడి కేకలు పెట్టాను. మా ఆయన పరుగెత్తుకొచ్చి, నట్టు చూసి, పడీపడీ నవ్వి, నవ్వుతూనే నేలమీద కూలబడి ఏడ్చేశారు. నాకు ఆ మనిషి మళ్లీ కావాలి. ఆయన ముందు ఆ నట్టు పెట్టి ఒక్క పూట పోట్లాడాలి. అంతకంటే ఇంకేమీ అడగను.

నట్టు తీసుకెళ్లి హ్యాంగర్ పెద్దాయన చేతిలో పెట్టి, ఎక్కడ దొరికిందో చెప్పాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇక మోగించొచ్చు" అన్నాడు, అంతే.

మొన్న శనివారం ఇంజిన్ మోగింది. మొదట సన్నటి కూత, తరవాత లావు కూత, తరవాత గుండెలో. మావయ్యగారు చెప్పినదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. మా అమ్మాయి చెవులు మూసుకుని, మళ్లీ తెరిచి, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

నాకు మాత్రం ఆ మోతకంటే దానిముందు జరిగింది కళ్లలో ఉండిపోయింది. ఇంకా ఎవరూ స్విచ్ మీద చెయ్యి వెయ్యలేదు. హ్యాంగర్ పెద్దాయన విమానం ముందుకొచ్చి, తన జేబులు రెండూ బయటికి లాగాడు. పక్కవాడి భుజం పట్టుకుని, ఒంటికాలి మీద ఊగుతూ, ప్యాంటు అంచు విప్పి దులిపాడు. తరవాత రెండో కాలు. ఒకరి తరవాత ఒకరు, ఆ తెల్లజుట్టు వాళ్లంతా అదే పని చేశారు. ఎవరూ నవ్వలేదు. ఆ చలిగాలిలో, చెక్క విమానం ముందు, తెల్లటి జేబు గుడ్డలు బయటికి వేలాడుతుంటే, ముసలివాళ్లందరూ వరసగా నడుములు వంచి కాళ్ల దగ్గర మడతలు వెతుక్కుంటున్నారు.