నలభై నిమిషాల నర్సన్న

పటాన్‌చెరు చాయ్ హోటల్లో నర్సన్న నోరు తెరిస్తే, కప్పులో చల్లారిన చాయ్ కూడా మళ్లీ పొంగేది. డిగ్రీ తప్పాడంటే ఒప్పుకోడు. కాలేజీయే తన దగ్గర తప్పిందనేవాడు. తొంభైమూడులో ఓ చిన్న కన్సల్టెన్సీలో కంప్యూటర్ ఆపరేటరు. ఫ్యాక్టరీల మురికినీళ్లు భూమిలోపల ఏ ఊరిదాకా పాకుతాయో లెక్క తీయడం ఆ ఆఫీసు పని.

ఆ లెక్క గీసే గీతకు లోపల పడిన ఊళ్లకు ఫ్యాక్టరీలు నల్లానీళ్లు ఇవ్వాలి. బయట పడినవాళ్లకు బావే గతి. నర్సన్న తల్లి మొగులమ్మ ఉండే ఊరు సరిగ్గా ఆ అంచున ఉంది. ఆమె బావినీళ్లు అప్పటికే పలచని చాయ్ రంగులో ఉన్నాయి.

లెక్క కోసం నేలను పన్నెండు వేల గళ్లుగా కోశారు. ఒక్కో గడిలో నీటిమట్టం పక్క గళ్లను బట్టి ఉంటుంది గనక పన్నెండు వేల సమీకరణాలు, ఒకదాని కాలు ఒకటి పట్టుకుని కూర్చున్నాయి. పాత పద్ధతిలో వాటిని ఒక్కొక్కటే విడదీసుకుంటూ పోవడానికి మిషన్‌కు ఆరు రోజులు. ఐదోనాడు కరెంటు పోతే కథ మళ్లీ మొదటికే. "అది లెక్క చేసేలోపు నేను బొంతపల్లి వీరభద్రునికి మొక్కి, నడిచొచ్చి, రెండుసార్లు గడ్డం గీసుకున్న" అనేవాడు నర్సన్న.

ఆ గీతను ఖాయం చేసే విచారణకు, సంగారెడ్డిలో, ఇరవై రోజులే ఉన్నాయి. ఒక్క లెక్కా ఇంకా చివరిదాకా రాలేదు.

"ఏమయ్యా, నీ కోతలు చాయ్ కొట్టు దగ్గరేనా? దీన్ని కాస్త పరిగెత్తించు, చూద్దాం" అన్నాడు సూర్యప్రకాశరావు. కోస్తా నుంచి వచ్చి ఆ ఆఫీసు పెట్టినాయన.

"ఉరుకుడేంది సార్, ఎగిరిపిస్త."

ఊహతో ఒక జవాబు పెట్టి, తప్పును మళ్లీ మళ్లీ సవరించుకుంటూ పోయే పద్ధతి పట్టుకున్నాడు. చిన్న ముక్క మీద జింకలా ఉరికింది. మొత్తం నేల మీద కుంటింది. ఒక గడిలో బండరాయి, పక్కదాంట్లో మొరం. సవరణ అక్కడికక్కడే ఆగిపోయేది. అప్పుడు తల్లి మడి చదును చేయడం గుర్తొచ్చింది. ముందు ఎడ్లతో మోటుగా లాగి, మిగిలిన ఎత్తుపల్లాలే చేత్తో సర్దేది. లెక్కకూ ముందు మోటు చదును కావాలి. మూడు రకాలు పరీక్షించాడు. ఒకటి మరీ మోటు. ఒకటి తయారవడానికే రోజు పట్టింది. నడిమిది కుదిరింది. చిన్న నేల మీద పాత పద్ధతి ఇచ్చిన జవాబుకు వెంట్రుకవాసి తేడా రాలేదు. మొత్తం నేలకు నలభై నిమిషాలు!

మొదటి గీత మొగులమ్మ ఊరు దాటి పోయింది. నల్లా వచ్చినట్టే. నర్సన్న కుర్చీలో గంతేశాడు.

సూర్యప్రకాశరావు పెదవి విరిచాడు. "రాతిలోంచి నీరు పారే విలువ కాస్త తగ్గించి మళ్లీ చూడు."

"చూసినం గద సార్."

"నలభై నిమిషాలే కదయ్యా!"

మళ్లీ చూశారు. మళ్లీ. ముప్ఫై ఒకటోసారి గీత ఊరి బయటి గట్టు దగ్గర బుద్ధిగా ఆగింది.

"మొదటిది బోర్లల్ల కొలిచిన మట్టాలతోని కలిసింది సార్. గిది దేనితోని కలిసింది?"

"ఫ్యాక్టరీలవాళ్ల మనసుతో. మనల్ని పనిలో పెట్టుకుంది వాళ్లే."

ఆరు రోజుల పద్ధతే ఉండుంటే, కరెంటు కోతలు దాటుకుని విచారణలోపు ఒక్క జవాబే వచ్చేది. దాన్నే నమ్మాల్సి వచ్చేది.

విచారణ రోజు నర్సన్న వెనక బెంచీలో, జేబులో మొదటి గీత కాగితంతో కూర్చున్నాడు. పెద్దాఫీసరు అడిగాడు: "ఒక్కో లెక్కకు ఎంతసేపు పడుతుంది?"

"నలభై నిమిషాలండీ! మా నర్సన్న ఘనతే. అడుగో!" అన్నాడు సూర్యప్రకాశరావు.

ఎన్నిసార్లు వేశారని ఎవరూ అడగలేదు. నర్సన్న చెయ్యి జేబులోకి పోయింది. అంతలో హాలంతా చప్పట్లు. చెయ్యి ఖాళీగా బయటికొచ్చి, రెండోదాన్ని కలుపుకుని, దండం పెట్టింది.

సాయంత్రం మొగులమ్మ గడపలోనే అడిగింది. "ఏమాయె బిడ్డా, మన దిక్కు నల్లా వస్తదా?"

"నా పేరు రిపోర్టుల అచ్చేసిన్రమ్మా."

"ఏదీ, సూపియ్యి." చదువురాని వేలు రిపోర్టులోని అక్షరాల మీద మెల్లగా నడిచింది. "నీ పేరే ఉన్నంక, ఇగ నల్లా రాకుంటదా!" అని నవ్వి, కొడుకు అలసి వచ్చాడని బావినీళ్లు చెంబునిండా తెచ్చింది.

ముప్ఫై ఒకటో లెక్క ప్రకారం అవి మంచినీళ్లే. నర్సన్న చుక్క మిగల్చకుండా తాగాడు.