ఎల్లారెడ్డి ఆఫీసు గుమ్మానికి మా టిఫిన్ గిన్నెలు

నా చదువు ఒక ప్రభుత్వ కార్యాలయాన్ని మొత్తం గజగజ వణికించింది. గొప్పలు పోతున్నానని అనుకోకండి. వణికించింది నా తెలివి కాదు, మా అమ్మీ టిఫిన్ క్యారియర్‌లోని రెండు గిన్నెలు. ఆ తరువాత నేను వెలగబెట్టిన నిర్వాకం వింటే మీకు నవ్వొస్తుంది. నవ్వండి, ఏం పరవాలేదు. నాకు నవ్వు రావడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది.

అవి ఎనభైల చివరి రోజులు. నేను హైదరాబాదులో సమాజశాస్త్రం ఎం.ఏ. చదువుతున్నాను. సర్కారు తన దగ్గరున్న కాగితాలను జనానికి ఎందుకు చూపించదు అన్నది నా పరిశోధన. అందుకు ఎల్లారెడ్డి మండలాఫీసును ఎంచుకున్నాను. కామారెడ్డిలో మా ఇంటి నుంచి బస్సెక్కితే చాలు, సాయంత్రానికల్లా వచ్చి అమ్మీ చేతి కూర తినవచ్చు. ఆ ఎంపిక వెనక ఉన్న శాస్త్రమంతా అదే.

మా గైడు సరోజినీ మేడం ఒకటే మాట చెప్పి పంపారు. "నువ్వు గమనిస్తున్నావని వాళ్లకు తెలియకూడదు. తెలిస్తే మనుషులు మారిపోతారు." ఆ మాటను నేను తాయెత్తులాగా మెడలో కట్టుకున్నాను.

హాస్టల్లో నా గది పంచుకునే సుధాకర్ ఎమ్మెస్సీలో కాంతి ఎలక్ట్రానిక్స్ చదివేవాడు. నా సంగతి విని ఎగిరి గంతేశాడు. "అరె ఖాజా, గుమ్మానికి అటొకటి ఇటొకటి పెడదాం. ఇందులోంచి కంటికి కనబడని వెలుగు పోయి అందులో పడుతది. మధ్యల మనిషి అడ్డం వచ్చిండనుకో, ఎర్రలైటు మెరుస్తది, లెక్క ఒకటి పెరుగుతది!"

మా నాన్న, అంటే అబ్బా, నడిపే రేడియో రిపేరు దుకాణంలో కూర్చుని ఇద్దరం వైర్లు అతికించాం. వాటిని లోపల అమర్చడానికి వేరే డబ్బాలు దొరకక అమ్మీ గిన్నెలు ఎత్తుకొచ్చాం. లోపలికి పోయేవాళ్లను గిన్నెలు లెక్కపెడతాయి, ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో నేను కూర్చుని బయటికి వచ్చేవాళ్లను "అడిగింది తెలిసిందా?" అని అడుగుతాను. అదీ మా పథకం.

పొద్దున్నే గిన్నెలు బిగిస్తుంటే అటెండరు సాయిలు వచ్చాడు.

"గిదేంది సార్?"

"చెప్పొద్దు భాయ్."

"చెప్పొద్దా? అంటె పై ఆఫీసర్ల కాడికెళ్లి పంపిన్రా?"

నేను అవుననలేదు, కాదనలేదు. మేడం మాట గుర్తొచ్చి గంభీరంగా ఆకాశం వైపు చూశాను.

"ఎవరు దాటినా దీనికి తెలుస్తదా?"

"తెలుస్తది."

"పెద్దసారు దాటినా?"

"ఎవరు దాటినా!"

సాయిలు వెనక్కి వెనక్కి నడుచుకుంటూ లోపలికి పోయాడు. అక్కడే నా కొంప మునిగింది, నాకు మాత్రం తెలియలేదు.

మర్నాటి నుంచి ఆఫీసు పెళ్లిపందిరిలా కళకళలాడింది. హెడ్ క్లర్కు నర్సింలు సారు ఇస్త్రీ చొక్కాలో టైముకు ముందే దిగాడు. టైపిస్టు ఎర్రలైటుకు చిక్కకుండా గుమ్మం మీదుగా దూకి, తలకు బొప్పి కట్టించుకున్నాడు. చాయ్ తాగాలంటే గుమాస్తాలు వెనక కిటికీలోంచి దిగేవాళ్లు. ఇవన్నీ నేను తరువాత విన్నవి. హోటల్లో నోటుబుక్కులో తల దూర్చి కూర్చున్న నాకు కనబడింది ఒకటే, వచ్చినవాళ్లందరూ నవ్వుకుంటూ బయటికి రావడం.

"అడిగింది తెలిసిందా అన్నా?"

"తెలిసింది సార్! కుర్చేసి కూసోవెట్టి మరీ చెప్పిన్రు!"

నాకు పూనకం వచ్చినంత పనైంది. సర్కారు గోప్యత అన్నదంతా వట్టి పుకారు! సమాజశాస్త్రాన్ని తిరగరాయబోతున్నాను! అదే ఊపులో మేడంకు ఉత్తరం రాశాను. "ఎల్లారెడ్డిలో దాపరికం లేదు. వెంటనే బయలుదేరండి."

మేడం బస్సు దిగిన రోజు హోటల్ ముందే లచ్చవ్వ కలిసింది. పక్క ఊరి ముసలమ్మ. మగడు పోయాక పొలం తన పేరున ఎక్కిందో లేదో చూపించమని ఏళ్లుగా ఆఫీసు చుట్టూ తిరుగుతోంది. "సర్కారు కాయితాలు అందరికి సూపియ్యరవ్వా" అని పంపేసేవారట.

"ఇయ్యాల సూపిస్తమన్నరు బిడ్డా," అంది. "పేరు లేకుంటె, ఈ నాట్లకు తనే అరక కట్టి దున్నుకుంటనంటుండు మా మరిది. నా పొలం పోతది."

ముగ్గురం కలిసే లోపలికి వెళ్లాం. నర్సింలు సారు ఏ పొలం ఎవరి పేరున ఉందో రాసే పహాణీ పుస్తకం దుమ్ముతో సహా దించి, లచ్చవ్వను కుర్చీలో కూర్చోబెట్టి, పేజీలు తిప్పుతున్నాడు. మేడం గుమ్మం వైపు చూసి మెల్లగా అడిగారు. "ఖాజా, ఆ గిన్నెలేమిటి?"

అన్ని రోజులు నోరు కట్టేసుకున్న నేను ఇక ఆగలేకపోయాను. ఆఫీసంతా మారుమోగేలా చెప్పాను. "అవి మా అమ్మీవి మేడం! నేనూ సుధాకర్ చేసినం! సర్కారుకు, దీనికి ఏం సంబంధం లేదు, ఉత్త లెక్క కోసమే!"

అన్ని బల్లల వెనక నుంచి ఒకేసారి ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. టైపిస్టు బొప్పి తడుముకుంటూ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ కలలోకి వస్తుంది. నర్సింలు సారు పుస్తకం టప్పున మూశాడు.

"అవ్వా, రేపు రా."

చెప్పాల్సినప్పుడు మూసుకున్నాను, మూసుకోవాల్సినప్పుడు చెప్పాను. నా ఎం.ఏ. పోతే పోనీ, లచ్చవ్వ పొలం?

లచ్చవ్వ కుర్చీలోంచి లేవలేదు. నన్ను ఎగాదిగా చూసి, మేడం వైపు తిరిగింది. అలవాటు కొద్దీ మేడం అప్పటికే కలం తీసి ఏదో రాసుకుంటున్నారు.

"సారూ," అంది లచ్చవ్వ నింపాదిగా. "గిన్నెలది పోనీ. ఆ అమ్మ మీ పేరు రాసుకుంటున్నట్టున్నది."

మేడం తలెత్తి, "మీ పూర్తి పేరేమిటండీ?" అన్నారు, ఎంతో మర్యాదగా.

పుస్తకం మళ్లీ తెరుచుకుంది. నర్సింలు సారు వేలు పేజీ మీద జారి ఒకచోట ఆగిపోయింది. "ఉన్నదవ్వా. నీ పేరే. ఎప్పుడో ఎక్కింది."

లచ్చవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నాకూ ఏడుపొచ్చింది. ఆమె మాత్రం వదలలేదు. "మరి గిన్ని ఏండ్లు దేనికి దాసిన్రు సారూ?"

నర్సింలు సారు బుర్ర గోక్కున్నాడు. "దాసుడేంది అవ్వా. మాకు గూడ తెల్వదు. ఎవ్వరం తెరిచి సూడలే."

ఆ ఒక్క వాక్యమే నా పరిశోధనకు ముగింపు అని మేడం తేల్చేశారు. మిగతాదంతా కొట్టేశారు.

ఆ రోజు కామారెడ్డి బస్సులో గిన్నెలు ఒళ్లో పెట్టుకుని, అమ్మీ మీద ఒట్టేసి ప్రమాణం చేశాను. ఇక జన్మలో ఏ గుమ్మానికీ దొంగచాటుగా ఏదీ తగిలించను, ఎవరినీ చెప్పకుండా గమనించను. ఇప్పటిదాకా మాట తప్పలేదు. ఆఫీసులో సొంత పని పడినప్పుడు మాత్రం ఒక టిఫిన్ గిన్నె తీసుకెళ్లి, బల్ల మీద అందరికీ కనబడేలా పెట్టి, ఏమీ మాట్లాడకుండా కూర్చుంటాను. అది పరిశోధన కిందికి రాదు, అందులో ఉండేది నా మధ్యాహ్నం తిండే.