బందు రోజున అన్నయ్యతో ఎల్‌బీ నగర్‌కు కాలినడక

సంబంధిత అధికారులకు, తమకు సంబంధం లేదని ఇదివరకే తెలియజేసిన అధికారులకు సవినయంగా విన్నవించునది: ఈ క్రింది ప్రయాణం ఎవరి అనుమతీ లేకుండా తెలంగాణ బందు రోజున జరిగినది. ఆటిజం ఉన్న మనిషితో బయలుదేరదలచినవారి ఉపయోగార్థం దీనిని సమర్పిస్తున్నాను.

కారణం మా అన్నయ్య మురళి. వయసు ముప్పై దాటింది. ప్రతి ఆదివారం నన్ను వెంటబెట్టుకొని దిల్‌సుఖ్‌నగర్‌లో సిటీ బస్సెక్కి ఎల్‌బీ నగర్ వెళ్లడం, అక్కడ ఆగే బస్సుల బోర్డులన్నీ చదివి తిరిగి రావడం ఆయన నియమం. ఈ వారం కార్యక్రమం వాయిదా పడిందని ఇంట్లో ప్రకటించాం. ఆ ప్రకటన ఆమోదం పొందలేదు. ఆయన చెప్పులు వేసుకొని గుమ్మంలో నిలబడ్డాడు. ఉదయం తొమ్మిదికి నడక మొదలుపెట్టాం. బస్సు ఛార్జీ మిగిలింది. చైతన్యపురి దాటేవరకు జాతీయ రహదారి మా ఇద్దరి స్వాధీనంలో ఉంది.

కొత్తపేట పండ్ల మార్కెట్ దగ్గర వంటా వార్పు జరుగుతోంది. అంటే ఉద్యమకారులు నడిరోడ్డు మీద పొయ్యి పెట్టి, వండుకొని, అక్కడే తినడం. పప్పు గుండిగ దగ్గర గరిటె తిప్పుతున్నామె మా మాటల్లో యాస పట్టేసింది.

"మీదే ఊరు తమ్మీ?"

"గుంటూరండీ. ఉండేది దిల్‌సుఖ్‌నగరే."

"అట్లనా! ఇయ్యాల మా పప్పు తినిపోండ్రి. కారం మీ గుంటూరంత ఎయ్యలె, పరేషాన్ కాకు."

నేను నవ్వేలోపే డప్పులు మోగాయి. హఠాత్తుగా వచ్చే పెద్ద చప్పుడు అన్నయ్యకు దెబ్బతో సమానం. నా చెయ్యి విదిల్చి, చెవులు మూసుకొని, ఉడుకుతున్న గుండిగ వైపే పరుగెత్తాడు. పదిమంది పట్టుకోబోయారు. పట్టుకుంటే మరింత బెదిరి పొయ్యి మీదే పడవచ్చు.

"పట్టుకోకండి! చుట్టూ మూగకండి! డప్పులాపండి!" అని అరిచాను.

ఆమె గరిటె పైకెత్తింది. "ఏయ్, డప్పు బంద్! అందరు కూసోండ్రి!"

కూర్చున్నారు. రాస్తారోకోల్లో ఆరితేరిన జనం; రోడ్డు మీద కూర్చోవడంలో వారికి ఎవరూ శిక్షణ ఇవ్వనక్కర్లేదు. మనుషుల గోడ ఒక్కసారిగా దిగిపోయింది, ముందు దారి కనబడింది. ఆమె గుండిగకు అడ్డంగా చతికిలబడింది. అన్నయ్య ఆగాడు. నినాదం మాత్రం ఆగలేదు: నోళ్లు మూసుకొనే పిడికిళ్లు ఎత్తారు.

"ఎల్‌బీ నగర్," అన్నాడు అన్నయ్య, చెవుల మీది చేతులు తీయకుండానే.

"పో బిడ్డా, పో. జర జరగుండ్రి, అన్నకు తొవ్వ ఇయ్యుండ్రి."

ఎల్‌బీ నగర్ కూడలిలో ఒక్క బస్సూ లేదు. అన్నయ్య ఎప్పుడూ నిలబడే చోటనే నిలబడి, సూర్యాపేట, మిర్యాలగూడ, విజయవాడ అంటూ రాని బస్సుల పేర్లన్నీ వరసగా చదివాడు. ఒక్క సర్వీసునూ రద్దు చేయలేదు. తిరుగుదారిలో మేమింకా దూరంగా ఉండగానే ఎవరో చెయ్యెత్తి చూపారు. డప్పులు ఆగాయి, రోడ్డంతా కూర్చుంది. పప్పన్నం విస్తళ్లు రెండు మాకోసం సిద్ధంగా ఉన్నాయి.

రాష్ట్రం ఎవరిదన్న వివాదం అప్పటికి తేలలేదు. రోడ్డు మాత్రం, దాన్ని ఆపినవాళ్ల చేతుల మీదుగానే, కాసేపు మా అన్నయ్యదైంది. అలా వెళ్లేవారికి నా సూచన ఒక్కటే: గుంపు కనబడగానే ముందుగా ఒకరితో మాట్లాడి, చప్పుడు తగ్గించమనీ, వెనకనుంచి పట్టుకోవద్దనీ చెప్పండి. నేను పరుగు మొదలయ్యాక చెప్పాను.

డిమాండు నం. 1: పై విధంగా కూర్చొనుటను బందు లేని రోజుల్లో సైతం, బస్సుల్లోనూ బజార్లలోనూ అమలు చేయవలెను. డిమాండు నం. 2 ప్రస్తుతానికి లేదు. మొదటిది నెరవేరితే వచ్చే ఆదివారం అన్నయ్య ఒక్కడే వెళ్లివస్తాడు.