ఇద్దరికి కొలిచిన బియ్యం

నాంపల్లిలో కిరాయికున్నప్పుడు మా పక్క పోర్షన్ పెద్దమ్మ, నాలుగిళ్ల సామాను కలిపి నెలకోసారి ఉస్మాన్‌గంజ్‌లో హోల్‌సేల్‌గా కొనుక్కొచ్చేది. బియ్యం బస్తా మా వరండాలో విప్పి, స్టీలు డబ్బాతో కొలిచి పంచేది.

"గీడి దుకాన్ల కొంటే ఎంతయితుండె, చెప్పు!" అని మురిసిపోయేది. పది రూపాయలు మిగిలినా ఆమెకు పండగే.

ఆమె భర్త గుండెపోటుతో పోయిన మరుసటి నెల కూడా బస్తా తెచ్చింది. అందరికీ పంచాక, అలవాటుగా ఇద్దరికి సరిపడా బియ్యం తన బుట్టలో పోసుకుంది. కాసేపు చూసి, సగం తీసి మళ్లీ బస్తాలో పోసేసింది.

"ఉంచుకో పెద్దమ్మా," అన్నాను.

"ఎవరు తింటరు బిడ్డా? ఇగ ఖర్చు సగమే గద," అంది.

బస్తా మూతి కట్టబోయి, తాడు చేతిలో పట్టుకునే ఏడ్చింది.