నర్సక్కది అంటుకునే జబ్బు కాదు

నిన్న పొద్దున్న క్లినిక్‌లో కౌంటర్ తీస్తుంటే ఫోన్. నర్సక్క వాళ్లాయన, మా బావ. "మీ అక్క పోనాదే" అన్నాడు.

"ఏటి?" అన్నాను. మళ్లీ చెప్పాడు. మళ్లీ "ఏటి?" అన్నాను.

మా పెద్దమ్మ కూతురు. బర్మా కస్టమర్లు బర్మీస్ పేరుతో 'మా ఖిన్' అనేవాళ్లు, మనకి నర్సక్క. పజుండౌంగ్ పేటలో మన తెలుగు ఆడవాళ్ల జాకెట్లన్నీ అక్క మిషన్ మీద కుట్టినవే.

నాలుగేళ్ల కిందట మొదలైంది. చన్నీళ్లలో చెయ్యి పెడితే వేళ్లు సున్నం రాసినట్టు తెల్లబడేవి, తర్వాత నీలం. సూది గుచ్చుకున్న చోట పుండు పడితే నెలల తరబడి మానేది కాదు. చర్మం బిగిసిపోయింది. నోరు కూడా చిన్నదైపోయి అన్నం ముద్ద పట్టేది కాదు.

డాక్టర్ దగ్గరికి నేనే తీసుకెళ్లాను. సిస్టమిక్ స్క్లెరోసిస్ అన్నాడు. సన్న రక్తనాళాలు దెబ్బతిని మూసుకుపోతాయట. చర్మం, లోపల ఊపిరితిత్తులు కూడా మచ్చ కట్టి గట్టిపడతాయట. ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు అని రెండుసార్లు చెప్పాడు.

నా చెవులతో విన్నాను.

బయటికొచ్చాక అక్క నా చెయ్యి పట్టుకుంది. "ఒలే, గుడికాడ ఆడోళ్లకి నువ్వు సెప్పాల. నా మాట నమ్మరే. నువ్వు క్లినిక్‌లో సేస్తావు గదా, నీ మాటయితే ఇంటారు."

సరే అన్నాను.

ఆ ఏడు అమ్మవారి పండక్కి గుడి వంటింట్లో అక్క ఎప్పటిలాగే పులిహోర కలపడానికి కూర్చుంది. చెయ్యి పెట్టబోతుంటే ఒకావిడ బేసిన్ పక్కకి లాగేసింది. "నువ్వు రెస్ట్ తీసుకోయే" అంది, నవ్వుతూ. వెనక ఎవరో కుష్టు అన్నారు. మెల్లగానే, కానీ అందరికీ వినపడేలా.

అక్క నా వైపు చూసింది.

నేను కరివేపాకు దూస్తున్నాను. తల ఎత్తలేదు.

ఒక్క మాట. అంటుకోదు అని. ఎంతసేపు పడుతుంది చెప్పడానికి? నన్ను కూడా దూరం పెడతారని భయపడ్డాను. సిగ్గులేనిదాన్ని.

అక్క లేచి చేతులు తుడుచుకుని వెళ్లిపోయింది. మళ్లీ గుడికి రాలేదు.

ఇంకోటి కూడా చెప్పేస్తాను, దాచుకుంటే పిచ్చెక్కేలా ఉంది.

మా ఇంట్లో అక్కకి వేరే గ్లాసు పెట్టాను. అన్నీ తెలిసి కూడా. ఓ రోజు పై అరలోంచి తీస్తుంటే చూసేసింది. తర్వాత ఎప్పుడొచ్చినా తన వాటర్ బాటిల్ తనే తెచ్చుకునేది. "డాక్టరు మరిగించిన నీలే తాగమన్నాడే" అనేది, నేను చిన్నబుచ్చుకోకూడదని.

ఆఖరి ఆరు నెలలూ మంచం మీంచి గుమ్మం దాకా వచ్చినా ఆయాసమే. కరెంటు పోతే ఆక్సిజన్ మిషన్ ఆగిపోయేది. బావ ఏం చెయ్యాలో తెలీక విసనకర్రతో విసురుతూ ఏడిచేవాడు. నేను ఎన్నిసార్లు వెళ్లానో అడక్కండి.

నిన్న స్నానం చేయించడానికి నలుగురు ఆడవాళ్లు వచ్చారు. చేతులకి ప్లాస్టిక్ గ్లవ్స్.

అప్పుడు అరిచాను. "అంటుకోదు! డాక్టరు ఎప్పుడో చెప్పాడు! నేనే మీకు చెప్పలేదు!"

ఇద్దరు గ్లవ్స్ తీసేశారు. ఇద్దరు తియ్యలేదు. అక్క చేతులకి పసుపు నేను రాశాను. వేళ్లు ముడుచుకుపోయి ఉన్నాయి, ఎంత సాపు చేద్దామన్నా రాలేదు.

ఏం లాభం? వినాల్సిన మనిషి వినలేదు కదా.

అందుకే ఇక్కడ మన తెలుగువాళ్ల గ్రూపులో రాస్తున్నాను. అహ్లోన్‌లో ఉన్నవాళ్లూ, దలాలో ఉన్నవాళ్లూ, అందరూ చదవండి. నర్సక్కకి కుష్టు లేదు. ఆవిడ చెయ్యి తగిలితే ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. బావ ఇన్నేళ్లూ ఆవిడతో ఒకే కంచంలో తిన్నాడు. వెళ్లి చూసుకోండి ఆయన్ని.

అక్కా, క్షమించమని అడగను. ఆ మొహం నాకు లేదు.

నీకు శాంతి దొరకాలి. నాకు దొరక్కపోయినా పర్లేదు.